ఏటి సూతకంలో జపాను గుళ్ళు

జపాను వెళ్ళి వచ్చానని మా శాన్ రామన్ పార్కులో సాయంత్రం బెంచీ దగ్గర చేరే మిత్రులకు చెప్పాను. సగం మంది నమ్మారు. మిగతా సగం పాస్‌పోర్టు చూపించమన్నారు. అందుకని మాట కొంచెం తగ్గించి, జపాను గుళ్ళు చూసి వచ్చానన్నాను. అది పూర్తిగా నిజం. ఆ గుళ్ళన్నీ కాలిఫోర్నియాలోనే ఉన్నాయా అని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు రాతలో పెడుతున్నాను కాబట్టి చెబుతున్నాను. మూడు రోజుల ప్రయాణం, అంతా కారులోనే. పసిఫిక్ సముద్రం ఒక పూట పక్కన కనిపించిన మాట వాస్తవం. నేను దాన్ని దాటలేదు.

బయలుదేరే ముందు

నాతో వచ్చింది మా సుభద్రక్క. ఆమెకు ఎనభై దాటాయి. నాకు ఇంకా దాటలేదు కాబట్టి ఆమె లెక్కలో నేను పసివాణ్ణి. ఇప్పటికీ ‘బుజ్జీ’ అనే పిలుస్తుంది, డాక్టరు ముందు కూడా.

మా బావ ఈ ఏడు ఉగాదికి ముందు పోయాడు. అక్క తూర్పు తీరాన ప్లెయిన్స్‌బరోలో ఇల్లు ఖాళీ చేసి, శాన్ రామన్‌లో కూతురు లావణ్య దగ్గరికి వచ్చి చేరింది. మా ఇంటికి రెండు వీధుల అవతల. అక్కడున్నప్పుడు శనివారం పొద్దున్నే గుడి వంటింట్లో పులిహోర కలపనిదే ఆమెకు వారం గడిచినట్టు ఉండేది కాదు. ఇక్కడి గుడివాళ్ళు కూడా విషయం తెలిసి రమ్మని పిలిచారు. వెళ్ళలేదు. మనవాళ్ళ ఆచారం తెలిసిందే కదా. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా పండగ లేదు, గుడి లేదు, కొండ మీది దేవుడు అసలే లేదు. ఏటి సూతకం. ఇప్పుడు చాలామంది సంవత్సరీకాలు ముందే జరిపించేసి ఆ ఏడాదిని కురచ చేసుకుంటున్నారు. మా అక్క ఒప్పుకోలేదు.

“ఆయనకి తొందర లేదు. నాకూ లేదు” అంది.

మాట బాగానే ఉంది. మనిషే బాగా లేదు. తిండి తగ్గింది. మాట తగ్గింది. పొద్దున కిటికీ దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం దాకా అక్కడే. మనవలు స్కూలు నుంచి వచ్చి “హాయ్ అమ్మమ్మా” అంటే తల ఊపేది. ఒకరోజు లావణ్య నన్ను గరాజ్‌లోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

“మామయ్యా, అమ్మ ఈట్ చేయట్లేదు. బ్లడ్ వర్క్ అంతా నార్మల్ అన్నారు. కానీ నాకు భయంగా ఉంది. ఇలాగే ఉంటే ఏడాది అయ్యేలోపు తను... ప్లీజ్, ఎక్కడికైనా తీసుకెళ్ళు. గుడి అంటే తనే ముందు రెడీ అయ్యేది. ఇప్పుడదీ కుదరదు కదా.”

నేను ఇంజనీరుని. గోల్డెన్ గేట్ వంతెన నా సంతకం లేనిదే కదిలేది కాదని బెంచీ దగ్గర చెబుతుంటాను. వంతెన ఎటూ కదలదు కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. ఉద్యోగమంతా నేను చూసినవి రోడ్ల కింద నీళ్ళు పోయే తూములు. కానీ తూములు చూసినవాడికి ఒకటి తెలుస్తుంది: దారి మూసుకుపోయినప్పుడు నీరు పక్కనుంచి ఎటు పోవచ్చో. మన గుళ్ళు మూసుకుపోయాయి సరే. ఈ రాష్ట్రంలో వందేళ్ళ కిందట జపాను నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న బౌద్ధ ఆలయాలున్నాయి. షింటో అనే వాళ్ళ పాత మతం గుళ్ళు కూడా అక్కడక్కడా ఉన్నాయి. ఆ దేవుళ్ళు మన పంచాంగంలో లేరు. ఇక వాళ్ళకి సూతకమేమిటి?

“అక్కా, పంతులుగారిని అడిగాను. ఈ పట్టింపు మన దేవుళ్ళ వరకేనట. జపాను దేవుళ్ళకి వర్తించదుట” అన్నాను.

“ఏ పంతులుగారు?”

“పెద్దాయన.”

“కళ్ళజోడాయనా?”

“ఆ, ఆయనే.”

నేను ఏ పంతులుగారినీ అడగలేదు. నన్ను నేను అడిగాను, నేనే ఒప్పుకున్నాను. అక్క చాలాసేపు నా ముఖం చూసి, “నీ సరదా కోసం వస్తా. కారు దిగుతానని మాత్రం అనుకోకు” అంది. మా ఆవిడ అప్పుడు ఎడిసన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంది. కాబట్టి నన్ను ఆపేవాళ్ళెవరూ లేరు.

ఎర్రచెట్ల కొండ

సముద్రాన్ని ఎడమచేతి వైపు పెట్టుకుని కొండ ఎక్కాం. మలుపులన్నీ ఒంటిచేత్తో తిప్పానని మిత్రులతో అన్నాను. రెండో చేయి కూడా స్టీరింగ్ మీదే ఉంది. అక్క ఒక చేయి నా భుజం మీద, ఒక చేయి డాష్‌బోర్డు మీద పెట్టి కూర్చుంది.

పైన రెడ్‌వుడ్ చెట్లు. మెడ వెనక్కి వంచితే టోపీ పడిపోతుంది గాని చివర కనపడదు. వాటి మధ్య కంకర పోసిన చిన్న పార్కింగ్. దాని చివర ఎర్రటి ద్వారం. రెండు నిలువు స్తంభాలు, పైన రెండు అడ్డ దూలాలు, అంతే. తలుపు లేదు, అటూ ఇటూ గోడ లేదు. దీన్ని టోరీ అంటారు. ఇవతల మనుషుల చోటు, అవతల దేవుడి చోటు. లోపల గుడి మన ఇళ్ళలో పూజగది కన్నా కాస్త పెద్దది. షింటోలో చెట్టుకీ కొండకీ వాగుకీ దేవుడుంటాడు. మన గ్రామదేవతలు వాళ్ళని చూస్తే వరస కలిపి మాట్లాడతారు.

బావమరిదిని కాబట్టి నాకు ఏడాది పట్టింపు లేదు. ధైర్యంగా ద్వారం దాటాను. అక్క కారు దిగింది గాని ఎర్ర స్తంభాల ఇవతలే ఆగిపోయింది. లోపల అడుగు పెట్టగానే రాతి తొట్టి, అందులో వెదురు గరిటె. ఈ పద్ధతులన్నీ నాకు తెలుసునని దారి పొడుగునా అక్కకి చెబుతూ వచ్చాను. గరిటెతో నీళ్ళు ముంచి, కుడి అరచేతిలో పోసుకుని, కళ్ళకద్దుకుని తాగాను. తడిచేయి తలకు రాసుకున్నాను. ఇంకోసారి ముంచి మళ్ళీ తాగాను.

గుడి పక్కనుంచి ఒకామె గబగబా వచ్చింది. తెల్ల పైబట్ట, లేత నీలం కుచ్చెళ్ళ పావడా లాంటిది కట్టుకుంది. అరవై ఏళ్ళుంటాయి. ఆ గుడి పూజారిణి ఆమే. ఇంగ్లీషులోనే మాట్లాడింది. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“తాగేశారా?”

“తీర్థం కదా!”

“కాదండీ. చేతులు కడుక్కోవడానికీ నోరు పుక్కిలించడానికీ. పుక్కిలించి అక్కడ ఉమ్మాలి.”

“గుడి ముందు ఉమ్మడమా?”

“ఆ పక్కన గులకరాళ్ళలో.”

ద్వారం అవతల నుంచి ఒక చప్పుడు వచ్చింది. అక్క నవ్విందని నేనంటాను. దగ్గానని ఆమె అంటుంది.

పూజారిణి అటు చూసి, లోపలికి రమ్మని చేయి ఊపింది. అక్క తల అడ్డంగా ఆడించి, బడిపిల్లలా నిలబడి వివరంగా చెప్పింది. “మా ఆయన పోయి నాలుగు నెలలైంది. మా ఆచారం ప్రకారం ఏడాది గుడికి వెళ్ళకూడదు. మీ దేవుళ్ళకి ఆ పట్టింపు లేదని మా తమ్ముడంటున్నాడు.”

“ఎవరన్నారాయనతో?” పూజారిణి ఆశ్చర్యపోయింది. “మాకూ ఉందండీ. యాభై రోజులు ఇంటివాళ్ళు ఈ ద్వారం దాటరు. మా అమ్మ పోయినప్పుడు నేనే దాటలేదు. ఇక్కడ పూజకి వేరే ఊరి నుంచి ఒకాయన వచ్చేవాడు. నేను ఆ పార్కింగ్‌లో ఆకులు ఊడ్చుకుంటూ ఉండేదాన్ని.”

అక్క రెండడుగులు ముందుకు వేసింది. స్తంభాల దాకానే.

“చావంటే మైలనా?”

“మైల అనే అంటారు. కానీ మా అమ్మ నాకు వేరేగా చెప్పింది. దుఃఖంలో మనిషి వాడిపోయి ఉంటాడు, దేవుడి ముందు నిలబడటానికి ఓపిక కావాలి, అది వచ్చేదాకా కూర్చోనివ్వాలి అని. మా లెక్కన మీరిప్పుడు రావచ్చు. మీ లెక్క ఏడాదైతే మీ లెక్కకే కట్టుబడండి. దేవుడెక్కడికీ పోడు.”

అని లోపలికి వెళ్ళి కాగితపు కప్పుల్లో టీ తెచ్చింది. తనే ద్వారం దాటి బయటికి వచ్చి అక్క పక్కన బెంచీ మీద కూర్చుంది. ఇద్దరూ నిమ్మకాయ ఊరగాయ గురించి, ఉప్పులో వేసే రేగుపండు లాంటి ఏదో కాయ గురించి మాట్లాడుకున్నారు. నేను గుడి ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ వంగి, ఒంటరిగా దండం పెట్టుకుని వచ్చాను.

కారెక్కాక అక్క హుషారుగా అంది: “చూశావుట్రా, వీళ్ళకీ ఒక పద్ధతుంది. మంచివాళ్ళు.” సీటుబెల్టు పెట్టుకుని ఆగింది. “మరి కళ్ళజోడాయన లేదని ఎలా చెప్పాడు? ఫోన్ ఇటివ్వు, కనుక్కుంటా.”

ఫోన్ జేబులోంచి తీయడానికి నాకు పట్టిన సమయంలోనే ఆమెకు అర్థమైపోయింది.

“అడగలేదు కదూ?”

“లేదు.”

“నన్ను అబద్ధమాడి గుడికి తెస్తావా బుజ్జీ? ఆయన కోసం నేను పట్టుకున్నది ఈ ఒక్క నియమమే. అదీ నీకు ఆటగా ఉందా? కారు ఇంటికి తిప్పు.”

“రాత్రికి రూమ్ బుక్ చేశాను. కాన్సిల్ అవదు” అన్నాను.

దద్దోజనం

రూమ్ సాయంత్రం ఆరు వరకూ కాన్సిల్ అవుతుంది. ఆ సంగతి ఇప్పుడే చెబుతున్నాను.

ఆ ఊళ్ళో జపాను హోటల్లో నూడుల్స్ తెప్పించాను. పులుసులో చేప ఉందా అని అడిగితే, వడ్డించే అమ్మాయి “లేదు, ఓన్లీ వెజిటబుల్స్” అంది. కాసేపాగి “అంటే, పులుసు చేపదే గాని ముక్కలుండవు” అంది. పద్దెనిమిది డాలర్ల గిన్నెని అక్క దూరం జరిపింది. రూమ్‌కి వచ్చి స్టీలు క్యారియర్ తెరిచి, తను చేసి తెచ్చిన దద్దోజనం నాకు పెట్టింది. తను రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది.

“పొద్దున్నే ఇంటికి” అంది. నాతో ఆ రోజు అన్న చివరి మాట అదే.

నేను ధైర్యస్థుణ్ణే గాని ఆ పూట నిద్ర పట్టలేదు. లావణ్యకి ఏం చెప్పాలి? మనిషిని కదిలిస్తానని తీసుకొచ్చి, ఆమె పట్టుకున్న కొమ్మనే ఊపాను.

నది గట్టు మీది ఊరు

మర్నాడు ఇంటికే బయలుదేరాను. దారి మాత్రం కొంచెం పెద్దది ఎంచుకున్నాను.

“బే బ్రిడ్జి రావాలి కదరా. నది ఎందుకొచ్చింది?”

“షార్ట్‌కట్ అక్కా.”

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. నమ్మలేదు. అయినా కిటికీ వైపు తిరిగింది, ఎందుకంటే అప్పటికే బేరితోటలు మొదలయ్యాయి. శాక్రమెంటో నది గట్టు మీద రోడ్డు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క మన కాళ్ళ కింద చెట్ల తలలు. కాయలు కోతకు వచ్చి కొమ్మలు వంగి ఉన్నాయి. రోడ్డు పక్కన బల్ల మీద సంచుల్లో బేరిపండ్లు, సంచి అయిదు డాలర్లు, డబ్బులకొక చెక్క డబ్బా. మనిషి లేడు. శాన్ రామన్‌లో ఆ డబ్బుకి నాలుగు కాయలొస్తే గొప్ప. అక్కే దిగి డబ్బు వేసి, తూకం చూసినట్టు సంచులన్నీ ఎత్తి చూసి ఒకటి తెచ్చింది.

ఊరి చివర బౌద్ధ ఆలయం. తెల్ల చెక్క గోడలు, మెట్లు, తాళం. మెట్ల మీద పూలకుండీలకి నీళ్ళు పోస్తూ ఒక ముసలాయన. పేరు జార్జ్. తాత జపాను నుంచి వచ్చాడు, జార్జ్ పుట్టిందీ పెరిగిందీ ఈ గట్టు మీదే. మేము కొన్న పండ్లు ఆయన తోటవే. అడగ్గానే తాళం తీశాడు. నేను బూట్లు విప్పి లోపలికి వెళితే, ఆయన మట్టి బూట్లతో నా ముందు నడిచాడు. లోపల చర్చిలో లాగా వరసగా బెంచీలు, పాటల పుస్తకాలు, మూల ఒక ఆర్గన్. ఎదురుగా మాత్రం బంగారు రేకుల మధ్య నిలబడిన బుద్ధుడు.

“ఇదేమిటి, చర్చిలా ఉంది?” అన్నాను.

“మా పెద్దవాళ్ళు పక్కవాళ్ళని చూసి కట్టుకున్నారు. వాళ్ళతో కలిసిపోతే బతకనిస్తారని” అన్నాడు. “అయినా జపానుతో యుద్ధం వచ్చినప్పుడు మా వాళ్ళందరినీ పట్టుకుపోయి క్యాంపుల్లో పెట్టారు. నేను అప్పుడు చంటివాణ్ణి. ఊళ్ళోవాళ్ళ సామానంతా ఈ హాల్లోనే పెట్టి, తలుపులకి చెక్కపలకలు కొట్టి వెళ్ళారు. తిరిగొచ్చాక ఎవరి కుట్టుమిషను వాళ్ళు వెతుక్కున్నారట.”

బయటికి వచ్చేసరికి అక్క మెట్ల కింద నిలబడి, ఎండిన పూలు తుంచి కుండీలో వేస్తోంది. లోపలికి ఎందుకు రాలేదని జార్జ్ అడిగాడు. మళ్ళీ అంతా చెప్పింది. ఆయన నీళ్ళ గొట్టం కింద పెట్టి విన్నాడు.

“మాకు దీనికి తలకిందులు. ఎండాకాలంలో ఒబోన్ అని చేస్తాం, పోయినవాళ్ళని తలచుకునే పండగ. ఆ ఏడాది ఎవరింట్లో మనిషి పోయాడో వాళ్ళదే ముందు వరస. వాళ్ళు రాకపోతే పండగే లేదు.”

“ఏడాది లోపలా?” అక్క కంగారుపడింది.

“ఏడాది లోపలే. మా ఆవిడ పోయిన ఏడు నేను డాన్స్ కూడా చేశాను. ఏడుస్తూ చేశాను. స్టెప్పులన్నీ తప్పు.”

“డాన్సా!”

“పోయినవాళ్ళు ఆ పూట ఇంటికొస్తారని మా అమ్మమ్మ అనేది. మా గురువులు దాన్ని అలా నమ్మక్కర్లేదంటారు. నేను నమ్ముతాను. మొదటిసారి వస్తారు కదా, దారి కొత్త. తలుపు దగ్గర మనం కనపడకపోతే ఎలా?”

జార్జ్ రేపు సాయంత్రం ఫ్రెస్నో దగ్గర ఒక ఊళ్ళో ఒబోన్ ఉందనీ, అక్కడ వంటల బాధ్యత తన మేనకోడలు జాయిస్‌దనీ చెప్పాడు. నేను ‘మేం ఇంటికి వెళ్ళిపోతున్నాం’ అన్నాను, తలవంచుకుని. ఆ మాటలో నటన లేదు.

కారెక్కి అరమైలు వెళ్ళాక అక్క ఒక బేరిపండు చీరకొంగుతో తుడిచి కొరికింది. పూర్తిగా తినేసింది. గింజలు కిటికీలోంచి వేసి, “ఫ్రెస్నో ఎంత దూరంరా?” అంది. “నేను లోపలికి రాను. బయట కూర్చుంటా. వాళ్ళు ఏం చేస్తారో చూస్తా.”

హైవే మీద పప్పు

ఫ్రెస్నో వెళ్ళే హైవే పక్క పంజాబీ ట్రక్కు డ్రైవర్ల ధాబాలుంటాయి. పన్నెండు డాలర్లకి రొట్టెలు, పప్పు, కూర, పెరుగు. అక్క రెండు రొట్టెలు తిని, “పప్పులో చింతపండు వేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?” అని తిట్టింది. నేను బల్ల కిందనుంచి లావణ్యకి మెసేజ్ పెట్టాను: అమ్మ నాలుగు రొట్టెలు తింది. వెంటనే మనసొప్పక, రెండు అని దిద్దాను. లావణ్య ఏడుస్తున్న బొమ్మలూ నవ్వుతున్న బొమ్మలూ కలిపి పంపింది.

కోళ్ళ పొగలో బుద్ధుడు

ఆ రాత్రి దారిలో ఒక మోటెల్లో పడుకుని, శనివారం సాయంత్రానికి ఆ ఊరు చేరేసరికి ఎండ ఇంకా చురుక్కుమంటోంది. ఆలయం పార్కింగ్‌లో కార్లు లేవు. మధ్యలో కర్రలతో కట్టిన మంచె, దాని మీద పెద్ద డప్పు. మంచె నుంచి నలువైపులా తాళ్ళకి కాగితపు లాంతర్లు. ఒక పక్క ఇనప చట్రాల మీద కోళ్ళు కాలుతున్నాయి. ఆ పొగ సరాసరి ఆలయం మెట్ల మీదికి పోతోంది.

“బుద్ధుడి గుళ్ళో కోడేమిట్రా!” అక్క ముక్కు మీద కొంగు పెట్టుకుంది.

మమ్మల్ని చూసి ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ వచ్చింది. జాయిస్. “మీరు వచ్చినా రావచ్చని మామయ్య ఫోన్ చేశాడు. బేరిపండ్ల వాళ్ళు మీరేగా?” అని, అక్క ముఖం చూసి కోడి సంగతి అర్థం చేసుకుంది. “ఏం చేయమంటారండీ, ఈ కోడి అమ్మిన డబ్బుతోనే పైకప్పు వేయించాం.”

“మా గుడికి మేము పులిహోరతో వేయించాం” అంది అక్క.

జాయిస్‌కి పులిహోర అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. చింతపండు పులుసు ఎప్పుడు దించాలో కూడా అక్క చెప్పింది. జాయిస్ మా కోసం కోళ్ళకి దూరంగా గుడారం కింద కుర్చీలు వేయించి, కాల్చిన మొక్కజొన్న పొత్తులూ రంగు ఐసూ పంపింది. కుర్చీలు ఆలయం తలుపుకి ఎదురుగా ఉన్నాయి. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల బెంచీలు నిండుతున్నాయి. డాన్సుకి ముందు లోపల ప్రార్థన ఉంటుందట. ఈ ఏడు పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చదువుతారట. పేరు చదవగానే ఇంటివాళ్ళు వెళ్ళి సాంబ్రాణి వేస్తారట.

నేను ఐసు కోసం వెళ్ళినట్టే వెళ్ళి, జాయిస్ చెవిలో బావ పేరు చెప్పి వచ్చాను. అక్కని అడగలేదు. అడిగితే వద్దంటుంది.

కాసేపటికి ఒక యువతి మా వైపు వచ్చింది. నల్ల అంగీ, దాని కింద పరుగుపందెం బూట్లు. ఆ ఆలయానికి గురువు ఆమే. చేతిలో కాగితం. అక్క కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

“నేను మీ పేరు తప్పుగా చదవకూడదు. అంటే, ఆయన పేరు. ఎలా పలకాలో చెబుతారా?”

అక్క నా వైపు తిరిగింది. “ఎవరి పేరు?”

“బావది. నేనే ఇచ్చాను.”

“నన్నడగవా?”

“అడిగితే వద్దంటావని...” అని నసిగి, గొడవ త్వరగా తేల్చేద్దామని గురువుతో అన్నాను: “సింపుల్‌గా శాట్ అనేయండి. ఆఫీసులో అందరూ అలాగే పిలిచేవాళ్ళు.”

అక్క నా మోకాలి మీద చరిచింది.

“శాట్ ఏమిటిరా? ముప్పై ఏళ్ళు ఆ ఆఫీసువాళ్ళు ఆయన పేరు కత్తిరించి పిలిచారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. పోయాక కూడా శాటేనా?”

ఇక్కడ ఒకటి చెప్పాలి. మా అక్క కాపురానికి వెళ్ళిన నాటినుంచి భర్త పేరు నోటితో అనలేదు. పాతకాలం పద్ధతి, దాన్ని అమెరికాలో కూడా వదల్లేదు. డాక్టరు ఆఫీసులో ‘హస్బెండ్స్ నేమ్?’ అంటే ఇన్సూరెన్స్ కార్డు తీసి చూపించేది. చివరి రోజున ఆస్పత్రిలో నర్సు అడిగితే కూడా, ఆయన మణికట్టుకి ఉన్న పట్టీ వైపు వేలు చూపించిందని లావణ్య చెప్పింది. కాబట్టి గురువు కాగితం పట్టుకుని ఎదురుచూస్తుంటే నేనే నోరు తెరిచాను.

అక్క నన్ను చేత్తో వారించింది. గొంతు సవరించుకుంది. ఎవరైనా వింటారేమో అన్నట్టు అటూ ఇటూ చూసింది.

“వెంకట సత్యనారాయణ” అంది. ఒక్క క్షణమాగి, తప్పు దిద్దుకున్నట్టు, “గారు” అంది.

ఆ అమ్మాయి రాసుకుని చదివింది. “వెన్‌కాటా సాట్యా నరయానా గారూ.”

“కాదమ్మా. సత్య. సత్య-నారాయణ.”

“సత్యా నరాయణ.”

“నా... రాయణ. నాలుక పైకి తగలాలి. చూడు. సత్యనారాయణ.”

“సత్యనారాయణ.”

“ఆ! ఇంకోసారి, మొదటినుంచీ. వెంకట సత్యనారాయణ గారు.”

అరవై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా అనని పేరు, ఆ పరాయి పిల్లకి నేర్పడం కోసం ఎన్నిసార్లు అందో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టానని చెప్పి ఓ పెద్ద అంకె వేయగలను. కానీ ఆ సమయంలో నేను రంగు ఐసు వైపు చూస్తూ కూర్చున్నాను. అది కరిగి నా చేతుల మీదుగా కారుతోంది.

గురువు లేచి, చేతులు జోడించి, లోపలికి వెళ్ళింది. అక్క కొంగు సర్దుకుని, “మంచి పిల్ల. శ్రద్ధ ఉంది” అంది. ఆ తరవాత, “నేను లోపలికి వెళ్ళను. పేరు ఇక్కడికీ వినపడుతుంది కదా?”

“మైకుంది” అన్నాను.

లోపల గంట మోగింది. డప్పు దగ్గరి పిల్లలు మాటలు ఆపారు. ఏదో పాడినట్టు చదివారు, మన మంత్రపుష్పం ఎత్తు పల్లాల్లాగే. తరవాత పేర్లు మొదలయ్యాయి. జపాను పేర్లు, వాటి ముందు మేరీ, హెన్రీ. ఒక్కో పేరుకీ ఒక్కో కుటుంబం లేచి ముందుకు వెళ్ళడం తలుపులోంచి కనపడుతోంది. ఒక పేరుకి ఇద్దరు పిల్లలు తండ్రి చేయి పట్టుకుని వెళ్ళారు. ఇంకో పేరుకి ఒక ముసలావిడ వాకర్‌తో వెళుతుంటే, ఆమె చేరేదాకా అందరూ ఆగారు.

“వెంకట సత్యనారాయణ గారు.”

చక్కగా పలికింది. ‘గారు’తో సహా. పార్కింగ్ లాట్ స్పీకర్లలో, కోళ్ళ మీదుగా, వీధి అవతలి గ్యాస్ స్టేషన్ దాకా వినిపించింది.

ఎవరూ లేవలేదు. గురువు కాగితం మీంచి తలెత్తి తలుపు వైపు చూసింది. తొందరపెట్టే చూపు కాదు. ఊరికే చూసింది. తరవాతి పేరు చదవలేదు.

నేను అక్క వైపు చూడలేదు. ఈ ప్రయాణంలో నేను చేసిన ఒకే ఒక తెలివైన పని అది.

కుర్చీ కిర్రుమంది. “పదరా” అంది అక్క.

మెట్లెక్కి గుమ్మం దగ్గర ఆగింది. అక్కడెవరూ చెప్పులు విప్పరు. ఆమె విప్పింది. నేనూ విప్పాను. మమ్మల్ని చూసి హాలంతా బూట్లు విప్పిందని రాస్తే బాగుంటుంది. ఒక్కరు కూడా విప్పలేదు, మా కాళ్ళ వైపు చూడలేదు. ముందు వరసలో వాకర్ ఆవిడ మాత్రం మాకు దారి ఇవ్వడానికి దాన్ని కొంచెం జరుపుకుంది. అక్క కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచింది. నున్నటి చెక్క నేల మీద మా పాదాల చప్పుడు మాకే వినపడింది. నిప్పుల పాత్ర దగ్గర నిలబడి, ఎలా వేయాలో నన్నడగలేదు, పక్కవాళ్ళని చూడలేదు. చిటికెడు పొడి తీసుకుని వేసింది. పొగ లేచింది. చేతులు జోడించి ఏదో అంది. ఈసారి నాకు కూడా వినపడలేదు.

తిరిగి వస్తుంటే నేను గుమ్మం వైపు నడిచాను, చెప్పుల కోసం. అక్క రాలేదు. వెనక్కి చూస్తే మూడో వరసలో ఖాళీ ఉన్నచోట కూర్చుంటోంది. నన్ను చూసి కొంచెం జరిగి, పక్కన బల్ల మీద చేత్తో తట్టింది.

“బయట కూర్చుందామన్నావుగా” అన్నాను గుసగుసగా.

“వాళ్ళు మన పేరు విన్నారు కదా” అంది. “వాళ్ళవి కూడా అయ్యేదాకా ఉండి పోదాం. కూర్చో.”